పదకొండు ఎత్తొద్దులు

ఆ మేడలో నాలుగు అంతస్తులవాళ్ళూ ఆవిడని అక్కయ్య అనే పిలుస్తారు, ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాళ్ళతో సహా. ఒకసారి ట్యాంకు కడగడానికి వచ్చినతను "పిన్నిగారూ" అంటే, ఇంకెవరినో పిలుస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి చూసింది. నిజానికి ఆవిడని అక్కయ్యా అని పిలిచే హక్కు లోకంలో ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడితోనే ఆవిడకి ఆరేళ్ళుగా మాటల్లేవు.

మాటల్లేవు గానీ, ఫోనుంది.

అక్కయ్య ఫోన్లో మనుషులకి పేర్లుండవు. 'పాలు', 'గ్యాసు', 'ఆయన', 'ఆయన ఆఫీసు', 'పైవాటా మంచావిడ', 'పైవాటా రెండో ఆవిడ' అని ఉంటాయి. ఇంటిపేర్లతో సహా రాసుకోవడానికి ఇదేమైనా ఓటర్ల జాబితానా అంటుంది. అలాగే 'ఎత్తొద్దు' అని ఒక పేరుంది. అది మొదట స్థలాలమ్మే అతనికి పెట్టింది. సరిగ్గా కూర పొయ్యి మీదున్న వేళకి చేసి, ఊరికి నలభై కిలోమీటర్ల అవతలున్న బీడుభూమిని పెళ్ళికూతురిలా వర్ణించేవాడు. తర్వాత జుట్టు మొలిపిస్తామనేవాళ్ళు, లేని కారుకి సర్వీసు గుర్తుచేసేవాళ్ళు, నెల్లాళ్ళలో ఇంగ్లీషు గలగలా మాట్లాడిస్తామనేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ప్రతివాడికీ కొత్త పేరు వెతికే ఓపిక లేక అందరికీ అదే పేరు పెట్టేసింది. అలా పదకొండుమంది ఎత్తొద్దులు తేలారు. వాళ్ళ మధ్యలో ఎక్కడో, ఏడోవాడో ఎనిమిదోవాడో, తమ్ముడు.

గొడవ కుట్టుమిషను దగ్గర వచ్చింది. వాళ్ళమ్మ కాలితో తొక్కే మిషను. ఆ మిషను మీద ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి వాళ్ళమ్మ ఇద్దరినీ చదివించింది. అమ్మ పోయాక అది తుప్పు పట్టి, పట్టీ తెగి, తమ్ముడింట్లో కిటికీ కింద ఉండిపోయింది. అక్కయ్య దాన్ని తెచ్చుకుంటాననీ అనలేదు, వద్దనీ అనలేదు. తమ్ముడు ఒకనాడు ఇల్లు సర్దుతూ పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడు. సొరుగులో బొత్తాల డబ్బా ఉంటే దానితో సహా.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదట్రా?" అంది అక్కయ్య ఫోన్లో.

"తుప్పు పట్టిపోయింది అక్కయ్యా. కాలు తగిలితే ధనుర్వాతం వచ్చేట్టుంది."

"నీ నోటికి రావాలి ధనుర్వాతం. ఇక నాకు ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తను."

"నువ్వు ఎత్తకు. నేను చేస్తూనే ఉంటా."

అన్నమాట ప్రకారం ఆవిడ ఎత్తలేదు. అన్నమాట ప్రకారం వాడు మానలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి చేస్తాడు. ఏడుసార్లు మోగనిచ్చి పెట్టేస్తాడు. ఆ కోపంలో వాడికి పెట్టిన ఎత్తొద్దు అనే పేరు మార్చడానికి అక్కయ్యకి మనసొప్పలేదు. అలాగని స్థలాలవాడితో కలిపి కూర్చోబెట్టడానికీ మనసొప్పలేదు. అందుకని ఫోన్లో ఉన్న మోతలన్నీ వినీ వినీ, వాడొక్కడికి ఒక పిట్టకూత ఏరి పెట్టింది. పేరు అందరిదే, కూత మాత్రం వాడిది. ఆదివారం నాలుగింటికి పిట్ట ఏడుసార్లు కూసి ఆగేది. తమ్ముడు బతికున్నాడు, ఒంట్లో బాగుంది, బుద్ధి మారలేదు అని తెలుసుకోవడానికి ఆ మాత్రం చాలు. మాట్లాడుకునే అక్కాతమ్ముళ్ళకి మాత్రం ఇంతకంటే ఏం తెలుస్తుంది కనక?

ఇంట్లోవాళ్ళకి ఆ పిట్టకూత నీళ్ళ అలారమని చెప్పింది. వాడి నంబరు ఎప్పుడో తీసేశానని కూడా చెప్పింది. ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే ఎంత చాకిరీ చెయ్యాలో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పిట్ట ఆగగానే ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం మేడ మీదకెళ్ళి మోటారు వేసి వచ్చేది.

ఇవన్నీ కాక ఆవిడ తనకి తాను ఒక నియమం పెట్టుకుంది. ఆదివారం నాలుగింటికి కాక ఇంకెప్పుడు పిట్ట కూసినా ఎత్తెయ్యాలి. వేళకాని వేళ చేశాడంటే పంతాలు చూసుకోకూడని పని ఏదో వచ్చిందనే. ఈ నియమం ఎవరికీ చెప్పలేదు. చెబితే పంతం పలచబడిపోతుంది.

ఒక్కసారి అలా మోగింది కూడా. ఒక గురువారం మధ్యాహ్నం పిట్ట కూసేసరికి అక్కయ్య సబ్బు చేతులతో పరిగెత్తి ఎత్తింది. తీరాచూస్తే వాడు చెయ్యలేదు, జేబులో ఫోన్ నొక్కుకుపోయి దానంతటదే వచ్చేసింది. అవతల తమ్ముడు చెప్పుల కొట్లో బేరమాడుతున్నాడు. "కరుస్తున్నాయయ్యా, ఒక నంబరు పెద్దవి తియ్యి," అంటున్నాడు. వాడి పాదాలు చిన్నప్పటినించీ అంతే, ఎడమది కాస్త పెద్దది. అక్కయ్య నాలుగు నిమిషాలు ఊపిరి బిగబట్టి విని పెట్టేసింది. తర్వాత గిన్నెలు తోముకుంటూ, ఎడమకాలి కొలత తీయించుకున్నాడో లేదో అనుకుంది.

పరిస్థితి ఇలా ఉండగా పాత ఫోన్ పొట్ట ఉబ్బింది. బ్యాటరీ పొంగి వెనక రేకు పైకి లేచింది.

"మా లిఫ్టుల్లో అయితే ఇలాంటిదానికి 'వాడరాదు' అని బోర్డు తగిలిస్తాం," అన్నారాయన. ఆయన పని లిఫ్టులు బాగుచెయ్యడం. లోకంలో దేన్ని చూసినా అది ఏ అంతస్తులో ఇరుక్కుంటుందో ముందే చెప్పగలనని ఆయన నమ్మకం.

కొత్త ఫోన్ కొన్నారు. పాతది తెచ్చిస్తే కొంత తగ్గిస్తానన్నాడు కొట్టతను. "దాంట్లో ఉన్నవి ఉన్నట్టు ఇందులోకి వచ్చేస్తాయమ్మా. పక్కపక్కన పెట్టడమే. వెంట్రుకవాసి తేడా రాదు."

శనివారం పొద్దున్న కూతురు రెండు ఫోన్లనీ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఇంట్లో ఆ పిల్లని చిన్నది అంటారు. ఉద్యోగం చేస్తోంది. ఒక పెద్ద హాల్లో, చెవులకి తొడుగు పెట్టుకుని, రోజుకి రెండువందలమంది కొత్తవాళ్ళకి ఫోన్ చేసి ఏవో పథకాలు చెప్పే ఉద్యోగం. ఎంతమంది ఫోన్లలో తన పేరు ఎత్తొద్దో అని అప్పుడప్పుడూ అనుకుంటుంది, కానీ జీతం మాత్రం ఎత్తుకుంటుంది.

"ఇంకా నాలుగు నిమిషాలంటోందమ్మా."

"గంటన్నరనించీ అదే అంటోంది. మీ నాన్న స్నానానికి వెళ్ళినా నాలుగు నిమిషాలే అంటారు."

"నన్నెందుకు లాగుతారు మధ్యలో," అన్నారాయన పేపరు వెనకనించి.

తొంభై తొమ్మిది దగ్గర ఆగిన అంకె కదలలేదు. చిన్నది ఆపింది, మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ తొంభై తొమ్మిది దగ్గరే ఆగింది. మూడోసారికి ఎలాగో వందయింది. అప్పుడు కొత్త ఫోన్ ఒక ప్రశ్న వేసింది.

"అమ్మా, ఎత్తొద్దు అని పదకొండుమందున్నారు. ఒకే పేరుతో ఉన్నవాళ్ళని కలిపెయ్యనా అని అడుగుతోంది."

అక్కయ్య సింకు దగ్గరుంది. చేతిలో గిన్నె ఆగింది. పేపరు కిందికి దిగింది. ఆయన కళ్ళజోడు మీదనించి చూశారు.

"పదకొండుమందా? మనకింతమంది శత్రువులున్నారని నాకు తెలీదే."

అందులో ఒకడు మీ మామయ్యే, వాణ్ణి మాత్రం విడిగా ఉంచవే అని చెప్పాలి. ఎవరి ముందు? "ఒక్కసారి ఎత్తి మాట్లాడితే నీ సొమ్మేం పోయింది," అని ఏళ్ళతరబడి చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషి ముందు. వాడి నంబరే నా దగ్గర లేదని తను ఢంకా బజాయించి చెప్పిన మనిషి ముందు. అయినా ఉన్నవి ఉన్నట్టు వచ్చేస్తాయని కొట్టతను చెప్పాడు కదా. పిట్ట కూడా వచ్చేస్తుంది.

"కలిపెయ్," అంది అక్కయ్య గిన్నె తోముతూనే. "అందరూ ఒక్క తానులో ముక్కలే."

చిన్నది నొక్కింది. పదకొండుమందీ ఒక్కడయ్యారు. సాయంత్రం పాత ఫోన్ పట్టుకెళ్తే కొట్టతను వాళ్ళ కళ్ళముందే దాన్ని తుడిచేసి, సొరుగులో పడేశాడు.

కొత్త ఫోన్ వచ్చిన నాటినించీ దాని చేష్టలు దానివి. ఫొటోలన్నీ వచ్చాయి గానీ, తేదీలన్నీ ఆ శనివారానివే. అక్కయ్య పెళ్ళి, చిన్నది పుట్టడం, అమ్మ చివరిసారి హాస్పిటల్లో కూర్చుని నవ్విన ఫొటో, గ్యాసు రసీదు, అన్నీ ఒకేరోజు జరిగిపోయాయి. ఎప్పుడో మానేసిన మందుల అలారం మాత్రం బతికి బట్టకట్టి తెల్లారి అయిదింటికి లేపేది. చిన్నది ఆఫీసులో ఎవరినో అడిగి వచ్చింది. "అది బగ్గమ్మా. అందరికీ అలాగే వస్తోందట. సరిచేస్తారట."

ఆదివారం నాలుగయింది. పిట్ట కూయలేదు.

నాలుగుంపావయింది. కూత రాకపోయినా వట్టి మోతైనా రావాలి కదా అని ఫోన్ తిరగేసి మరగేసి చూసింది. ఉలుకూ పలుకూ లేదు. సిగ్నలు లేదేమో, వాడు ఊళ్ళో లేడేమో అనుకుంది. మోటారు వెయ్యడం మర్చిపోయింది.

"నీళ్ళు లేవేమిటి?" అన్నారాయన కుళాయి తిప్పి. "నీ పిట్టేమైంది?"

"కొత్త ఫోన్లోకి రాలేదు," అంది అక్కయ్య. ఆరేళ్ళలో ఆ పిట్ట గురించి ఆవిడ చెప్పిన మొదటి నిజం అదే.

రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం ఆయన ఫోన్నించి తన ఫోన్‌కి తనే చేసి చూసుకుంది. శుభ్రంగా మోగింది. అంటే లోపం ఫోన్‌లో లేదు. అలిగాడన్నమాట. ఆరేళ్ళు ఆలోచించి అలిగాడు. అలగనీ, నాకేం అనుకుంది. ఆ సాయంత్రం వంటలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన నోరెత్తకుండా తిన్నారు.

బుధవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అక్కయ్య ఫోన్ తీసి ఎత్తొద్దు దగ్గరికి వెళ్ళింది. ఒక్క పేరు కింద పదకొండు నంబర్లు వరసగా, బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి. ఏది వాడిది? ఆరేళ్ళుగా పిట్టని విన్నదే గానీ అంకెలెప్పుడు చూసింది గనక? అమ్మ ఇంటి పాత ల్యాండ్‌లైను నంబరు మాత్రం నోటికొచ్చు. అది తీసేసి పదేళ్ళయింది. చుట్టాలెవరినైనా అడగొచ్చు. అడిగితే సాయంత్రానికల్లా వంశమంతా పాకుతుంది, అక్కయ్యే మెట్టు దిగిందని.

సరే, పదకొండే కదా అని మొదటిదానికి చేసింది.

"మేడమ్," అన్నాడు అవతలి మనిషి, గొంతు వణికేంత సంతోషంతో. "మీరే చేశారా మేడమ్? తొమ్మిదేళ్ళ సర్వీసులో తిరిగి ఫోన్ చేసిన కస్టమరు మీరొక్కరే."

స్థలాలవాడు. "పొరపాటున వచ్చిందిలెండి," అంది అక్కయ్య.

"పర్లేదు మేడమ్. మీకు చెప్పిన స్థలం మాత్రం అయిపోయింది. అప్పుడే చెప్పా, విన్నారు కాదు."

విననందుకు ఆవిడకి ఒక క్షణం నిజంగానే బాధేసింది. రెండోది మనిషి కాదు, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు. అందులో తమ్ముడి కోసం ఏదీ నొక్కమనలేదు. మూడోది జుట్టువాళ్ళు.

"సమస్య మీకా అండీ, మీవారికా?"

"జుట్టు ఇద్దరికీ ఉందమ్మా. సమస్య వేరే."

నాలుగోది వాడుకలో లేదు. అయిదోది ఎవరో పెద్దాయన ఎత్తి, "ఎవరు కావాలి?" అన్నాడు. ఎవరు కావాలో చెప్పడానికి అక్కయ్యకి నోరు రాలేదు. పెట్టేసి కూర్చుంది. తలుపు చప్పుడైంది. చిన్నది ఆరోజు తొందరగా వచ్చేసింది. ఏదో చూద్దామని అమ్మ ఫోన్ తీసుకుని ఆగిపోయింది.

"అమ్మా, ఎత్తొద్దుకి నువ్వే చేశావా? అయిదుసార్లు?"

అక్కయ్య ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"నేను రోజుకి రెండొందలమందికి చేస్తాను, ఒక్క మహాతల్లి తిరిగి చెయ్యదు. నువ్వేమో ఇంట్లో కూర్చుని పిలిచి పీటేస్తున్నావు."

"అందులో మీ మామయ్య ఉన్నాడే."

చిన్నది నవ్వు ఆపేసింది. అక్కయ్య పిట్ట సంగతి, ఆదివారాల సంగతి, మోటారు సంగతి, కడకి కలిపెయ్ అన్న సంగతి, అన్నీ చెప్పింది. కుట్టుమిషను సంగతి చెప్పనక్కర్లేదు, అది ఆ ఇంట్లో అందరికీ కంఠోపాఠం.

"అమ్మా," అంది చిన్నది నెమ్మదిగా. "నీ బాధ పడలేక నేను వాళ్ళలో ముగ్గురిని ఎప్పుడో బ్లాక్ చేశాను, గుర్తుందా? అప్పుడు విడివిడిగా ఉన్నారు. ఇది కలిపేటప్పుడు ముగ్గురు కదాని మొత్తం పదకొండుమందినీ బ్లాక్ చేసి పెట్టింది. వాళ్ళెవరు చేసినా నీకు మోగదు."

"మోగకపోతే వాడు చేశాడని ఎలా తెలుస్తుంది?"

"లోపల ఎక్కడో లిస్టుంటుంది. ఎవరూ చూడరు." చిన్నది వేలితో ఒకటి తర్వాత ఒకటి తెరుచుకుంటూ లోపలికి వెళ్ళింది. వెళ్ళి చదివింది. "ఇదిగో, ఈ నంబరు. ఆదివారం నాలుగు గంటలు. నాలుగూ రెండు. నాలుగూ అయిదు. మళ్ళీ తర్వాతి ఆదివారం నాలుగు గంటలు."

అక్కయ్య ముఖం విచ్చుకుంది. అలగలేదన్నమాట.

"ఆ తర్వాత మంగళవారం."

"మంగళవారమేమిటే?"

"పోయిన వారం మంగళవారం. పొద్దున్న పది నలభై. పది నలభై ఒకటి. పది నలభై మూడు." చిన్నది చదవడం మానేసి వేలితో లెక్కపెట్టింది. "తొమ్మిదిసార్లమ్మా. ఆఖరుది పదకొండూ ఇరవై."

"తర్వాత?"

"తర్వాత లేదు."

ఆ మంగళవారం పది నలభైకి ఫోన్ అక్కయ్య చేతిలోనే ఉంది. పైవాటా మంచావిడకి ఫొటోలు చూపిస్తూ, "చూశారా, మా పెళ్ళీ మా అమ్మాయి పుట్టడం ఒకే రోజు, ఎంత చెడ్డపేరో," అని నవ్విస్తోంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇద్దరూ టీ తాగారు. పదకొండూ ఇరవై దాటాకే ఆవిడ మేడెక్కింది.

చిన్నది ఆ నంబరొక్కదాన్నీ విడదీసి, నొక్కి, ఫోన్ అమ్మ చేతికిచ్చింది. అవతల చాలాసేపు మోగింది. ఆరు. ఏడు. ఎనిమిదోదానికి ఎత్తారు.

"చెప్పండి వదినా," అంది తమ్ముడి భార్య. ఆ గొంతులో కోపం లేదు, తడి కూడా లేదు.

"వాడేడమ్మాయ్?"

"ఉన్నారు. మంచం మీద. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. నేను స్కూల్లో ఉన్నాను ఆ వేళ. పన్నెండున్నరకి ఇంటికొచ్చి చూస్తే కింద పడున్నారు, ఫోన్ చేతిలో ఉంది. మొదటి గంటలో తీసుకొచ్చుంటే వేరేగా ఉండేదన్నాడు డాక్టరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"తొమ్మిదిసార్లు ఎత్తనివాళ్ళకి పదోసారి నేను చేసి ఏం చెప్పను వదినా?"

"నాకు మోగలేదమ్మాయ్. ఫోన్ మార్చాం. అందులో..." అని మొదలుపెట్టి అక్కయ్య ఆగిపోయింది. తొంభై తొమ్మిది దగ్గర ఆగిన అంకె, కలిపిన పేర్లు, జుట్టువాళ్ళు, ఇవన్నీ ఏ వరసలో పేర్చినా అబద్ధంలాగే ఉన్నాయి. ఆరేళ్ళు నిజంగానే ఎత్తని మనిషి, ఈ ఒక్కసారి మాత్రం మోగలేదంటే ఎవరు నమ్ముతారు? నాన్నా పులి అని అరవనక్కర్లేకుండానే పులి వచ్చి వెళ్ళిపోయింది.

"ఒక్క రింగయి కట్టయిపోతోంది అనేవారు," అంది మరదలు. "అక్కయ్య బ్లాక్ చేసిందే అన్నారు ముందాదివారం. అయినా మంగళవారం మీకే చేశారు. ఎందుకో తెలుసా? ఒకసారి జేబులోంచి వచ్చిన కాల్ మీరు ఎత్తారట. నాలుగు నిమిషాలుందట. ఆదివారం కాకపోతే అక్కయ్య ఎత్తుతుంది అనేవారు. అంబులెన్సుకి చెయ్యలేదు, నాకు చెయ్యలేదు, పక్కింటివాళ్ళని కేకెయ్యలేదు."

నియమం ఎవరికీ చెప్పలేదనుకుంది అక్కయ్య. తెలియాల్సినవాడికి ఎప్పుడో తెలిసింది.

మర్నాడు పొద్దున్న బస్సుకి బయల్దేరారు. ఆయన సెలవు పెట్టి వచ్చారు. బస్సు ఊరు దాటింది.

"నీళ్ళ అలారమన్నావు," అన్నారాయన కిటికీలోంచి చూస్తూ.

"అన్నాను."

"అలారమైతే ఎవరో ఒకరు నొక్కేదాకా మోగుతుంది. ఏడు కూతలకి దానంతటది ఆగదు. లిఫ్టులు బాగుచేసేవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?"

అక్కయ్య ఆయన వైపు తిరిగింది. "మరి ఆరోజు చిన్నది కలిపెయ్యనా అన్నప్పుడు ఒక్క మాట అనొచ్చు కదండీ."

"అనబోయాను. నువ్వు కలిపెయ్ అన్నావు." టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకుంటూ, "పట్టుదలగా తోముతున్నావు గిన్నె," అన్నారు.

తమ్ముడింట్లో కుట్టుమిషను ఉండే చోట, కిటికీ కింద, మంచం వేశారు. వెలుతురు బాగా వస్తుందని. వాడు దిండుకి ఆనుకుని ఉన్నాడు. ముఖం ఒక పక్కకి జారింది. గడ్డం ఎవరో చేతకానివాళ్ళు గీశారు. ఎడమచేతి పక్కన దుప్పటి మీద ఫోనుంది. కాళ్ళు దుప్పటి బయటికి వచ్చి ఉన్నాయి. ఎడమది కాస్త పెద్దది.

అక్కయ్య మంచం అంచున కూర్చుంది. ఏడ్చే మనిషి కాదు. సంచీలోంచి కొత్త ఫోన్ తీసింది.

"మోగలేదురా," అంది. "ఒట్టు. ఇదిగో చూడు, ఇక్కడుంది. పది నలభై. చూశావా? పక్కన బ్లాక్ అని రాసుంది. అది నేను చెయ్యలేదు. మంగళవారం మోగితే ఎత్తేదాన్ని. నువ్వు అనుకున్నదే నిజం."

వాడు తెర వంక చూశాడు. తొమ్మిది వరసలు. కళ్ళు వాటి మీదనించి కిందికి వెళ్ళాయి, మళ్ళీ పైకి వచ్చాయి. చదవగలుగుతున్నాడో లేదో తెలియదు. చదవడం కూడా పోయి ఉండొచ్చని డాక్టరు అన్నాడట. నోరు తెరిచాడు. "త... త..." అన్నాడు. తుప్పు అనబోయాడో, తలుపు అనబోయాడో, ఏమనబోయాడో. అది రాక, ఎడమచేత్తో ఫోన్ని పక్కకి జరిపి, కళ్ళు మూసుకున్నాడు.

"అలిసిపోయారు," అంది మరదలు.

"నమ్మాడంటావా?"

"నాకేం తెలుసు వదినా. ఆయన ఏమనుకుంటున్నారో చెప్పేది ఆయనొక్కరే."

తిరిగొచ్చిన వారానికి కొత్త ఫోన్ తనంతట తానే ఆగి, మళ్ళీ మొదలైంది. తెర మీద రెండు వాక్యాలు కనిపించాయి. కొన్ని చిన్న లోపాలు సరిచేశాము, మీ సహనానికి ధన్యవాదాలు అని. చూస్తే ఫొటోల తేదీలు వెనక్కి వెళ్ళిపోయాయి. పెళ్ళి పెళ్ళినాటికి, అమ్మ అమ్మ ఉన్ననాటికి. పదకొండు ఎత్తొద్దులూ మళ్ళీ విడివిడిగా నిలబడ్డాయి. అక్కయ్య ఎనిమిదోదాని దగ్గర ఆగి, పేరు తుడిచి, తమ్ముడు అని రాసింది. మోతలన్నీ వెతికి ఒక పిట్టకూత పెట్టింది. అది పాత పిట్ట కాదు. అయినా అది మోగే అవకాశమూ లేదు.

ఇప్పుడు ఆదివారం నాలుగింటికి అక్కయ్యే చేస్తుంది. మొదటి వారం చేసినప్పుడు మోగి మోగి ఆగిపోయింది. రెండో వారమూ అంతే. మరదలికి చేసి అడిగింది.

"ఫోన్ ఆయన చేతిలోనే ఉంటుంది వదినా. ఎడమచేత్తో నొక్కడం వచ్చు, నొక్కరు. నేను ఎత్తబోతే చెయ్యి తోసేస్తారు. అది మోగినంతసేపూ చూస్తారు. ఆగాక కళ్ళు మూసుకుంటారు. కోపమో, ఇంకోటో. మూడున్నరనించీ మాత్రం గడియారం వంకే చూస్తుంటారు."

తర్వాతి ఆదివారం నాలుగింటికి అక్కయ్య నొక్కి, ఫోన్ చెవికి ఆనించుకుని, వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆయన పేపరు దించలేదు. ఏడు లెక్కపెట్టి పెట్టేసింది. తర్వాత మేడ మీదకెళ్ళి మోటారు వేసింది.